కుట్టు వైపు చూసే ముఖం

నా డైరీలు ముందుగది బీరువాలో రెండు అరల నిండా ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టాను. ఏడాదికొకటి చొప్పున, ఇప్పటికీ రాస్తున్నాను. ప్రతి జనవరి మొదటి ఆదివారం కొత్త డైరీకి అట్ట వేస్తాను. బడి పుస్తకాలకు వేసినట్టే, అంచులు లోపలికి మడిచి, మూలలు కత్తిరించి. ఆ అట్ట ఎప్పుడూ సినిమా పత్రిక ముఖచిత్రమో, పాటల పత్రిక ముఖచిత్రమో అయి ఉంటుంది.

ఈ మధ్య ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ డైరీలన్నీ నేలమీదకు దించి, ఏ ముఖం ఎటు చూస్తోందో ఒక్కొక్కటే పరీక్షించాను. ఎందుకు పరీక్షించవలసి వచ్చిందో చెప్పాలంటే ముందు బావ గురించి చెప్పాలి.

బావకూ నాకూ చుట్టరికం లేదు. ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చి కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరు దిగిన కొత్తలో, పాత టౌనులో హార్బరు వైపు దిగే వీధిలో గది తీసుకున్నాను. పక్కనే ఒక ప్రెస్సు ఉండేది. అక్కడ ఒక సినిమా వారపత్రిక, ఒక పాటల మాసపత్రిక అచ్చయ్యేవి. ఆ ప్రెస్సులో బొమ్మలు వేసే అతను మొదటి రోజే టీ కొట్టు దగ్గర నన్ను పలకరించాడు.

"ఏటి బావా, కొత్తగా ఒచ్చినావా?"

మా వైపు ఆ పిలుపుకు ఒక లెక్క ఉంటుంది. ఎవరు పడితే వాళ్ళు బావ కాలేరు. అప్పటికి మా ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంది కూడా. నేను బిగుసుకుపోయి, ఈయన ఎవరి తాలూకు అని గది యజమానిని అడిగాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఇక్కడ మగవాళ్ళంతా ఒకరికొకరు బావలేనట. ఆ సాయంత్రం నుంచి నేనూ అతన్ని బావ అనే పిలుస్తున్నాను.

మొదటి డైరీకి అట్ట వేయడానికి ఖాకీ కాగితం దొరక్కపోతే, బావ ప్రెస్సులో రంగు చెదిరి పక్కన పడేసిన కవరుపేజీ ఒకటి తెచ్చిచ్చాడు. అలా మొదలైంది ఈ అలవాటు. అట్ట వేస్తున్నంతసేపూ పక్కన కూర్చుని ఆ పేజీ ఎందుకలా ఉందో చెప్పేవాడు. అతను చెప్పినవన్నీ రాసుకున్నాను.

కొట్లో పత్రికల్ని తాడుకు క్లిప్పులతో ఒకదానిమీద ఒకటి ఎక్కేట్టు వేలాడదీస్తారు. కనిపించేది ఎడమ అంచు ఒక్కటే. అందుకని పత్రిక పేరు ఎడమ మూల నుంచి మొదలవ్వాలి, ఎర్రగానో పసుపుగానో ఉండాలి. కొత్తగా వచ్చిన నటుడి తల పేరుకు కిందే ఆగిపోవాలి. పేరున్న హీరో అయితే జుట్టు వెళ్ళి పత్రిక పేరులో ఒకటి రెండు అక్షరాలను కప్పవచ్చు. అలా కప్పే హక్కు కొందరికే ఉంటుంది. పాటల పత్రిక మీద పాడేవాళ్ళను ఎప్పుడూ నోరు మూసుకునే చూపించాలి.

"నోరు తెరిసేసిన ఫోటో ఏసినావనుకో, పాట ఇనపడదు కదా బావా. అరుస్తన్నట్టు కనపడతాది."

కళ్ళలో తెల్లచుక్క పెట్టడం అన్నిటికన్నా కష్టమైన పని. రెండు వెంట్రుకలంత సన్నటి కుంచెతో, నల్లగుడ్డుకు పైన కొంచెం పక్కగా పెట్టేవాడు. ఆ చుక్క లేకపోతే ఎంత నవ్వుతున్న ముఖమైనా మైనంతో చేసినట్టు ఉంటుంది. చుక్క పెట్టగానే ఆ ముఖం గదిలోకి చూస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నేను కాస్త వెనక్కి జరిగేవాణ్ణి. చనిపోయినవాళ్ళ స్మారక సంచికకు మాత్రం ఫోటోలో ఉన్న చుక్కను కూడా నల్లరంగుతో మూసేసేవాడు, వెళ్ళిపోయినవాళ్ళకు చుక్క ఉండకూడదని.

ఇక ముఖం ఎటు తిరిగి ఉండాలన్నది. పుస్తకానికి ఎడమ పక్క కుట్టు, కుడి పక్క తెరిచే అంచు.

"తెరిసే పక్కకి సూత్తన్నాడంటే లోపలికి రమ్మని పిలుస్తన్నాడన్నమాట. బతికున్నోడు. కుట్టు పక్కకి సూత్తన్నాడంటే ఆడికి ఇంక మనతో పన్నేదు. ఎల్లిపోయినోడు," అన్నాడు బావ.

ఇది ప్రెస్సులవాళ్ళ నియమం అనుకుని చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. తర్వాత ఎక్కడ అడిగినా, అలాంటిది ఉందని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అది బావ ఒక్కడి నియమం. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకే ఒక్కసారి చెప్పాడు.

వాళ్ళది సముద్రం మీద వేటకు వెళ్ళే ఇల్లు. వాళ్ళ నాన్న పడవ ముక్కుకు రెండు పక్కలా కళ్ళు వేసి ఉండేవట. ఏటా వాటికి కొత్త రంగు వేయాలి. చెయ్యి బాగుందని ఒక ఏడు బావ చేత వేయించారు. నల్లగుడ్లను ముందుకు, నీళ్ళ వైపు చూసేట్టు వేయాలి. అతను తెలియక వెనక మూలకు వేశాడు. పడవ తన్ను తానే చూసుకుంటున్నట్టు ఉందని అందరూ నవ్వారు. వచ్చే ఏడు సరిచేద్దాంలే అన్నాడు నాన్న.

"పడవొచ్చీసింది బావా. నలుగురెల్లినారు, ముగ్గురొచ్చినారు. మా నానొక్కడే రానేదు. ఎప్పుడు పడిపోనాడో ఆల్లకీ తెల్దు. సూసేసరికి పడవలో మడిసి నేడు."

ఆ తర్వాత ప్రెస్సులో ఉండగా రెండు సార్లు తప్పు జరిగింది. మొదటిది వారపత్రికలో. ఒక హాస్యనటుడి ఫోటో నెగటివ్‌ను ఎవరో తిరగేసి పెట్టారు. చొక్కా జేబు కుడి పక్కకు వచ్చింది, ముఖం కుట్టు వైపు తిరిగింది. సంచిక శుక్రవారం వచ్చింది. మర్నాడు బావ దాన్ని పట్టుకుని నా గదికి వచ్చి, ఆ జేబు మీద వేలు పెట్టి చూపించాడు. బుధవారం కల్లా ఆ నటుడు పోయాడని రేడియోలో చెప్పారు. రెండోది పాటల పత్రికలో. మన ఊరి ఆర్కెస్ట్రాలో పాడే ఒకావిడ. ఫోటో మళ్ళీ తిరగబడి పాపిడి తప్పు పక్కన పడింది. ఆవిడ ఆ నెల దాటలేదు. ఈసారి బావ ప్రెస్సు మానేశాడు. క్యాసెట్ల లోపలి కాగితాలు, ఆ తర్వాత ఫ్లెక్సీలు వేసి బతికాడు.

ఆ ఇద్దరూ పోయిన రోజుల్లో నా డైరీలో రాసుకున్న మాట "కాకతాళీయం". ఇప్పటికీ ఆ మాటను కొట్టేయలేదు.

ఇక ఈ ఏటి సంగతి. రిటైరైన తర్వాత కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాను. మా కాలనీలో పాత పాటల సంఘం ఒకటి ఉంది. నూటయాభై కుటుంబాలు. ఏడాదికొక సభ, ఒక సంచిక. సంచిక ముఖచిత్రం ఎప్పుడూ బావే వేసేవాడు, సముద్రపు ఒడ్డు నుంచి రెండు బస్సులు మారి వచ్చి. ఈసారి బావకే సన్మానం అనుకున్నాం, ఆయన ఫోటోయే ముఖచిత్రం. తన ముఖచిత్రం తనే వేసుకోవడం బాగుండదు కనుక ఆ పని నామీద పడింది. వంతు ప్రకారం ఈ ఏడు అధ్యక్షుణ్ణి కూడా నేనే. వెనక అట్ట మీద అధ్యక్షుడి ఫోటో, నాలుగు మాటలు వేయడం మా ఆనవాయితీ.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. బావకు గుండె ఆపరేషన్ చేయాలని డాక్టర్లు రెండేళ్ళుగా చెబుతున్నారు. రెండు సార్లు ఆసుపత్రిలో చేరి, రెండు సార్లూ ఇంటికి వచ్చేశాడు. ఒకసారి మంచం ఎదురుగా గోడమీది గడియారం ఆగి ఉందని. ఇంకోసారి, కారణం చెప్పలేదు, ఆటో ఎక్కి వచ్చేశాడు. ఇక ఆలస్యం చేస్తే చేయించుకునే అవకాశం కూడా ఉండదని ఈసారి డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను గది బయటే కూర్చుంటానంటే ఒప్పుకున్నాడు. ఆదివారం సభ, సోమవారం ఆసుపత్రిలో చేరిక, బుధవారం పొద్దున్న ఆపరేషన్. ఆ బుధవారం దాకా ఆయన మనసు చెదరకుండా చూడాలని వాళ్ళావిడ నన్ను ప్రత్యేకంగా అడిగింది.

"మీ మాటొకటే ఇంతారన్నయ్యా. ఏ సిన్న అపశకునం కనపడినా మల్లీ ఆటో ఎక్కీతారు."

శుక్రవారం మధ్యాహ్నం ప్రెస్సు నుంచి సంచికల కట్టలు వచ్చాయి. పైకట్ట తాడు కోసి ఒకటి తీశాను.

ముఖచిత్రం మీద ఉన్నది బావే. కానీ బావ కాదు. ముక్కు అదే, నవ్వు అదే, ఏళ్ళ తరబడి చూసిన ముఖమే. అయినా ఎవరో బావలా ముఖం పెట్టుకుని కూర్చున్నట్టు ఉంది. ఏం తేడాయో వెంటనే తెలియలేదు. తర్వాత చూశాను. చిన్నప్పుడు తాడు తగిలి ఎడమ కనుబొమ మీద పడిన గాటు కుడి కనుబొమ మీద ఉంది. చొక్కా జేబు కుడి పక్కన ఉంది. ముఖం కుట్టు వైపు తిరిగి ఉంది.

జంక్షన్‌లోని షాపులో సంచిక పేజీలు కంప్యూటరు మీద కూర్చిన ఆవిడకు ఫోన్ చేశాను.

"అవునండి, ఫోటో నేనే తిప్పాను. సంఘం పేరు ఎడమ పక్కనుంది కదండీ. మనిషి పేరు వైపు చూస్తున్నట్టుంటే బాగుంటాది. ఇప్పుడందరూ అలాగే పెడతన్నారు. ప్రూఫు మీరు చూసి సంతకం పెట్టారు కదండీ," అంది.

పెట్టాను. అక్షరాలన్నీ చూశాను. అంచులు స్కేలుతో కొలిచాను. ఒక దీర్ఘం తప్పుంటే దిద్దాను. ముఖం ఎటు తిరిగిందో చూడలేదు. నలభై ఏళ్ళు ఆ మనిషి పక్కన కూర్చుని నేర్చుకున్నది అదొక్కటీ చూడలేదు.

మళ్ళీ అచ్చు వేయడం మంగళవారానికి గాని కాదన్నారు. సభ ఆపితే ఎందుకని బావ అడుగుతాడు. ఆయనకు అబద్ధం చెప్పి నెగ్గుకొచ్చిన అనుభవం నాకు లేదు. ఆదివారం ఆ ముఖచిత్రం చేతిలో పెడితే, సోమవారం ఆయన ఆసుపత్రి గుమ్మం తొక్కడు.

అప్పుడే డైరీలన్నీ దించాను. నా భయానికి ఆధారం లేదని తేల్చుకోవాలనుకున్నాను. నేలమీద రెండు వరుసలు పెట్టాను. తెరిచే వైపు చూసేవాళ్ళు ఒక వరుస, కుట్టు వైపు చూసేవాళ్ళు ఒక వరుస. రెండో వరుసలోకి వచ్చినవి నల్లపట్టీ ఉన్న స్మారక సంచికలు, ఆ హాస్యనటుడు, ఆ పాడే ఆవిడ. ఇంకెవరూ రాలేదు. కుట్టు వైపు తిరిగి, తర్వాత కూడా హాయిగా బతికిన ఒక్క ముఖం దొరికితే చాలుననుకున్నాను. దొరకలేదు. మిగిలింది ఒకే ఒక్క అట్ట, ఎటూ తిరగకుండా సూటిగా చూసే ఒకమ్మాయి. ఆ అమ్మాయి పేరేమిటో, తర్వాత ఏమైందో నాకూ తెలియదు, బావకూ తెలియదు. దాన్ని ఏ వరుసలోనూ పెట్టలేక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నేలమీద అందరి కళ్ళల్లోనూ చుక్కలు మెరుస్తున్నాయి, స్మారక సంచికల్లో తప్ప.

డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసినవాడికి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం అలవాటు. సంచికను బోర్లా తిప్పాను. వెనక అట్ట మీద కుట్టు కుడి పక్కకు వస్తుంది, తెరిచే అంచు ఎడమ పక్కకు. ఎడమకు చూసే బావను వెనక అట్ట మీద పెడితే తెరిచే వైపు చూస్తాడు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. తిరగేసిన ఫోటో లోకానికంతటికీ వింతగా ఉంటుంది గాని, ఆ మనిషికి మాత్రం ఉండదు. రోజూ అద్దంలో చూసుకునేది ఆ ముఖమే. గాటు పక్క మారిన సంగతి బావ కంటికి ఆనదు. ముందు అట్టను వెనక్కి, వెనక అట్టను ముందుకు మార్చితే చాలు.

శనివారం పొద్దున్నే పాత డ్రాయింగ్ బోర్డు నేలమీద పరిచాను. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు. పిన్నులు ఊడదీసి, అట్ట విప్పి, మధ్య మడత మీద కోసి, రెండు సగాలను అటూ ఇటూ మార్చి, వెనక నుంచి గుడ్డపట్టీ అంటించి, మళ్ళీ పిన్నులు కొట్టాలి. మొదటిది పూర్తయ్యేసరికి మా ఆవిడ కాఫీ తెచ్చింది.

"రేపు సభ పెట్టుకుని ఈ కోతలేమిటండీ?"

"అచ్చుతప్పు."

"ముఖానికి అచ్చుతప్పేమిటి?"

ఆవిడ ఆ సంచికను చేతిలోకి తీసుకుంది.

"మీ ఫోటో ముందుకొచ్చిందిగా. సంఘం పేరు వెనక్కి పోయింది. జనం నవ్వరూ?"

"నవ్వనీ."

ఆవిడ సంచికను బోర్డుమీద పెట్టి వెళ్ళింది. అప్పుడు చూశాను. వెనక అట్ట మీద నా ఫోటో కూడా ఎడమకే చూస్తూ ఉండేది. అక్కడ అది తెరిచే వైపు. ఇప్పుడు ముందు అట్ట మీద ఎడమంటే కుట్టు వైపు. బావను అటు తిప్పిన కోతే నన్ను ఇటు తిప్పింది. నా ముఖం నన్ను చూడటం లేదు. నాకు కనిపించనిదేదో ఆ మడత లోపల ఉన్నట్టు అటే చూస్తోంది. కంప్యూటరులో కూర్చిన ఫోటో కనుక కళ్ళలో చుక్క కూడా లేదు.

నేను వీటిని నమ్మను. ఆ మాట ఆ రోజు డైరీలో కూడా రాసుకున్నాను. కానీ బ్లేడు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఫ్యాను తిరుగుతున్నా కాగితాలేవీ కదలలేదు. హార్బరు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. మా ఇంటికి అది సాధారణంగా వినపడదు. గాలి అటునుంచి ఉంటే వినపడవచ్చు. కాఫీ చల్లారిపోయింది. ఇంకా నూట నలభై తొమ్మిది ఉన్నాయి.

రెండోది తీసి కోశాను.

మధ్యాహ్నం నుంచి మా ఆవిడ కూడా వచ్చి పట్టీలు అంటించింది. చివరి సంచికకు పిన్ను కొట్టేసరికి సాయంత్రం వెలుగు బోర్డు మీద నుంచి తప్పుకుంది. కట్టలు కట్టి గోడవారన పేర్చాం. ప్రతి కట్ట మీదా నేనే, గోడలోకి చూస్తూ.

ఆదివారం సభలో నాకు జరగవలసింది జరిగింది. కార్యదర్శి సంచికను అందరికీ ఎత్తి చూపించి, "ఈసారి హీరో మన అధ్యక్షులవారేనన్నమాట. సన్మానం ఎవరికో మర్చిపోయినట్టున్నారు," అన్నాడు.

"హీరో వెనకున్నాడండీ," అన్నాను.

"మరి ముందున్న తమరెవరు?"

"విలను."

హాలంతా నవ్వింది. వెనక వరుసలోంచి ఎవరో, "రిటైరైనా సీటు ముందే కావాల ఈయనకి," అన్నారు. మళ్ళీ నవ్వారు. నేను బావనే చూస్తున్నాను. ఆయన సంచికను తెరవలేదు. బొటనవేలితో కుట్టు పట్టీని పైనుంచి కిందదాకా తడిమాడు. వెనక్కి తిప్పి తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"బాగొచ్చింది బావా. అద్దంలో సూసుకున్నట్టుంది," అన్నాడు.

అంతే. శాలువా కప్పించుకున్నాడు, రెండు పాత పాటలకు తల ఊపాడు, పులిహోర తిన్నాడు. వెళ్ళేటప్పుడు సంచికను చంకలో పెట్టుకుని వెళ్ళాడు. సోమవారం చెప్పిన వేళకే ఆసుపత్రిలో చేరాడు.

బుధవారం పొద్దున్న గది బయట బల్ల మీద కూర్చున్నాను. వాళ్ళావిడ తలుపు తీసి, "అన్నయ్యా, ఒక్కపాలి లోపలికి రమ్మంతన్నారు," అంది.

బావ పచ్చగౌను వేసుకుని పడుకుని ఉన్నాడు. గడ్డం గీశారు. అంత నున్నగా ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. దిండు కిందనుంచి సంచిక తీశాడు.

"ఎవులు కోసినారు?"

"నేనే."

"కొత్త బ్లేడేటి? గీత తిన్నగొచ్చింది."

"కొత్తదే."

"నన్ను తెరిసే పక్కకి తిప్పినావు. మంచిదే. మరి నువ్వెటు సూత్తన్నావ్ బావా?"

నేను కిటికీ వైపు చూశాను.

"నేను అలాంటివి నమ్మను బావా. నీకు తెలుసు కదా."

"నమ్మనోడివి నూటేబై పుస్తకాలు కోసినావా?"

ఇంటికి వెళ్ళిపోతానంటాడేమోనని నేను తలుపు దగ్గరికి జరిగాను. ఆయన భార్య వైపు తిరిగి, నర్సు దగ్గర తప్పులు దిద్దే తెల్లపెన్ను ఉంటుంది, అడిగి తెమ్మన్నాడు. ఆవిడకు అర్థం కాకపోయినా వెళ్ళి తెచ్చింది.

మంచం మీద లేచి కూర్చున్నాడు. సంచికను మోకాలి మీద పెట్టుకున్నాడు. కొన్నేళ్ళుగా టీ గ్లాసు పట్టుకున్నా వణికే చెయ్యి అది. పెన్ను ములికి కాగితానికి దగ్గరయ్యే కొద్దీ ఆ వణుకు తగ్గింది, ఆగిపోయింది. నా కుడి కంట్లో ఒక చుక్క, ఎడమ కంట్లో ఒక చుక్క. నల్లగుడ్డుకు పైన, కొంచెం పక్కగా. మోకాలి మీదున్న నా ముఖం ఉన్నట్టుండి గదిలోకి వచ్చింది.

"కుట్టు వైపు చూసేవాడికి చుక్క పెట్టకూడదన్నావు," అన్నాను.

"ఎట్టకూడదు."

"మరి?"

"ఎట్టినాను." పెన్నుకు మూత పెట్టి భార్యకు ఇచ్చాడు. "ఒకుడు ఎనక్కి సూస్తూ కుట్టుకాడ కాపలా కూకుంటే, ఒకుడు ముందుకి ఎల్తాడు. ఎల్లనీ. ఈ పాలి ఆటో ఎక్కన్లే."

తోసుకెళ్ళడానికి మనుషులు వచ్చారు. తలుపు దాటేదాకా ఆయన నా వైపు చూడలేదు. ఎదురుగా, వెళ్ళే వైపే చూశాడు. నేను బల్ల మీద కూర్చుని, డైరీలో వేళ రాసుకుని, మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి కదలలేదు. డాక్టరు బయటికి వచ్చి, అంతా బాగా జరిగిందని చెప్పాడు. వాళ్ళావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

బావ ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. పెద్ద ఆపరేషన్ అయినది ఆయనకు. కానీ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగేది ఆయనే, నన్ను. రోజూ ఒకే వేళకు.

"తిన్నావా? తల తిరగడం అదీ ఏటీ నేదు కదా?"

"ఏమీ లేదు బావా. బాగానే ఉన్నాను."

"లిస్టుంది కదా నీకాడ?"

ఉంది. ఏ సంచిక ఏ ఇంటికి వెళ్ళిందో నా డైరీలో వరుస సంఖ్యతో సహా ఉంది. నడవడానికి డాక్టరు ఒప్పుకున్న వారం నుంచి ఆయన ఏదో ఒక నెపం చెప్పి మా కాలనీకి వస్తున్నాడు. ఇద్దరం ఒక్కో ఇంటికి వెళుతున్నాం. బావను చూసి వాళ్ళు సంబరపడి కాఫీలు ఇస్తారు. సంతకం చేసిస్తానని సంచిక అడిగి తీసుకుంటాడు. వెనక తన ఫోటో కింద సంతకం చేసి, ముందుకు తిప్పి, ఎవరూ చూడకుండా నా కళ్ళలో రెండు చుక్కలు పెట్టి ఇచ్చేస్తాడు. బయటికి వచ్చాక నేను జాబితాలో టిక్కు పెడతాను. కార్యదర్శి ఇంట్లో సంచిక టీవీ పక్కన నిలబెట్టి ఉంది. నెల రోజులుగా దానిని అందరూ చూస్తున్నారట. ఎందుకో అధ్యక్షులవారి ఫోటోని చూస్తే మా మనవరాలు ఆ గదిలోకి రానంటోందండీ అని నవ్వుతూ చెప్పింది ఆయన భార్య. బావ నవ్వలేదు.

ఇంకా పదకొండు ఉన్నాయి. అందులో రెండు తపాలాలో వేరే ఊళ్ళకు వెళ్ళాయి. అవి చేరినట్టు కబురు లేదు.

ఈ ఏడు మొదటిసారి నా పద్ధతి తప్పాను. జనవరి దాకా ఆగకుండా, ఆసుపత్రిలో బావ చుక్కలు పెట్టిన ఆ సంచికను ఆయన దగ్గర అడిగి తీసుకుని, దాని అట్టనే విప్పి, ఇప్పుడు రాస్తున్న డైరీకి వేశాను. బల్ల మీద ఉన్నప్పుడు రోజంతా పైన నా ముఖమే కనిపిస్తుంది. చుక్కల్లో వెలుగు ఉంది, చూపు మాత్రం కుట్టు లోపలికే ఉంది. అందుకని రాయడం అయిపోగానే దాన్ని బోర్లా పెడుతున్నాను. అప్పుడు బావ పైకి వస్తాడు, తెరిచే వైపు చూస్తూ. నేను అడుగున ఉంటాను.